వాల్యూమ్ తగ్గాలి, టోన్ పోకూడదు: ట్యూబ్ యాంప్‌ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచే ఉన్నాయి, దాదాపు అన్నిటిలోనూ బాధ ఒకటే: ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్) కొన్నాం, దాన్ని పూర్తిగా తెరిచి వాయించే చోటు లేదు. అందుకే ఈ పేజీ మొత్తం యాంప్ పవర్‌ని మింగే లోడ్ బాక్సులకీ, అటెన్యుయేటర్లకీ ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సార్, సెకండ్‌హ్యాండ్‌లో 40 వాట్ల ట్యూబ్ యాంప్ కొన్నాను. యాంప్, 12 అంగుళాల స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్న కాంబో. కంటోన్మెంట్ ఏరియాలో మేడ మీద అద్దెకి ఉంటున్నాం. వాల్యూమ్ 2 దాటితే కింద ఉన్న ఓనర్ గారు మెట్లెక్కి వచ్చేస్తున్నారు. 2 దగ్గర వాయిస్తే సౌండ్‌లో ప్రాణం ఉండటం లేదు. ఒకరు అటెన్యుయేటర్ కొనమంటారు, ఇంకొకరు లోడ్ బాక్స్ కొనమంటారు. తేడా ఏమిటి, నాకు ఏది పనికొస్తుంది?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందు ఏదీ కొనకండి. ఓనర్ గారు ఊళ్లో లేని మధ్యాహ్నం చూసుకుని ఒక పరీక్ష చేయండి. గెయిన్ (ముందు దశలో సిగ్నల్‌ని పెంచే నాబ్) బాగా పెంచి మాస్టర్ (చివరి వాల్యూమ్ నాబ్) బాగా తగ్గించి ఓ పది నిమిషాలు వాయించండి. తర్వాత గెయిన్ తగ్గించి మాస్టర్ మూడొంతులు తెరిచి అదే ముక్క మళ్లీ వాయించండి. మీకు కావలసిన సౌండ్ మొదటిసారే వచ్చిందంటే అది ప్రీయాంప్‌లో, అంటే 12ఏఎక్స్7 లాంటి చిన్న ట్యూబుల్లో పుడుతోంది. అప్పుడు మీకు అటెన్యుయేటర్ అక్కర్లేదు, మాస్టర్ వాల్యూమ్ చాలు. రెండోసారి మాత్రమే వచ్చిందంటే అది పవర్ ట్యూబులు, అంటే స్పీకర్‌ని నడిపే పెద్ద ట్యూబులు, ఒత్తిడికి లోనైనప్పుడు వచ్చే సౌండ్. అటెన్యుయేటర్ పుట్టింది దాని కోసమే. ఈ సంగతి తేల్చుకోకుండా డబ్బు ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం వాళ్లవే.

ఇక తేడా. అటెన్యుయేటర్ యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుంటుంది. యాంప్ ఇచ్చే పవర్‌లో ఎక్కువ భాగం తానే మింగి వేడిగా మార్చేసి, మిగిలినది స్పీకర్‌కి పంపుతుంది. లోడ్ బాక్స్ మొత్తం మింగేస్తుంది, అసలు స్పీకరే ఉండదు, అందులోంచి లైన్ లెవెల్ సిగ్నల్ (మిక్సర్ లాంటివి తీసుకోగల చిన్న సిగ్నల్) ఒకటి బయటికి తీసి ఇంటర్‌ఫేస్‌కో (సౌండ్‌ని కంప్యూటర్‌లోకి ఇచ్చే డబ్బా) హెడ్‌ఫోన్స్‌కో మిక్సర్‌కో ఇస్తారు. ఇప్పుడు వస్తున్న డబ్బాల్లో చాలావాటిలో రెండు పనులూ ఉంటాయి కాబట్టి పేరు చూసి కంగారు పడకండి. 1980ల మొదట్లో బోస్టన్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ షోల్జ్ తన కంపెనీ పేరు మీద పవర్ సోక్ అనే అటెన్యుయేటర్ అమ్మాడు. ఆయన ఎంఐటీలో చదివిన ఇంజనీర్. ఆ రోజుల్లో లోపల ఉన్నవి రెసిస్టర్లే.

ఇప్పుడు లెక్క. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీలాంటివాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పవర్ సగానికి తగ్గితే సౌండ్ 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. చెవికి సగం అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే పవర్ పదో వంతు కావాలి. గిటార్ స్పీకర్లు చాలా సమర్థంగా పనిచేస్తాయి, సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటిది 1 వాట్‌కి మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇస్తుంది. దానికి మీ 40 వాట్లు పూర్తిగా పోతే 116 డెసిబెల్స్. చాలామంది కొనే ఫిక్స్‌డ్ 20 డెసిబెల్స్ అటెన్యుయేటర్ పెట్టారనుకోండి, 0.4 వాట్ మిగులుతుంది, ఇంకా 96 డెసిబెల్స్ ఉంటుంది. ఓనర్ గారు దీనికీ వస్తారు. ఇంట్లో టీవీ పెట్టుకున్నంత సౌండ్‌కి దిగాలంటే 40 డెసిబెల్స్ పైనే తగ్గించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మీది, సాధన విలువ అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా వీణ, వయొలిన్ సాధన వేరు, 116 డెసిబెల్స్ వేరు.

అంత కిందికి దించినప్పుడు రెండు మార్పులు వస్తాయి. ఒకటి, సౌండ్ తగ్గేకొద్దీ మన చెవే బేస్‌నీ, బాగా పై ఫ్రీక్వెన్సీలనీ తక్కువగా వింటుంది. ఇది చెవి స్వభావం, ఏ డబ్బా మార్చలేదు, యాంప్ మీద బేస్ కాస్త పెంచుకోవడమే. రెండోది, స్పీకర్ కోన్ గట్టిగా కదిలినప్పుడు వచ్చే ఆ తోపు, ఆ కరుకు రావు. అటెన్యుయేటర్ పెట్టాక టోన్ చచ్చిపోయింది అని తిట్టేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే, డబ్బా తప్పు కొంతే.

మీ యాంప్‌కి నేనైతే రెండు దారులు చెబుతాను. గాలిలో సౌండ్ కావాలంటే రీ-యాంపింగ్ రకం చూడండి. యాంప్ పవర్ మొత్తాన్ని లోడ్ మీద దింపి, లోపల ఉన్న వేరే చిన్న పవర్ యాంప్‌తో స్పీకర్‌ని నడుపుతుంది, కాబట్టి గుసగుస స్థాయికి దించినా టోన్ మరీ మారదు. ఫ్రయెట్ కంపెనీ పవర్ స్టేషన్, బాస్ (Boss) కంపెనీ ట్యూబ్ యాంప్ ఎక్స్‌పాండర్ ఈ కోవలోవి. ఒక చిన్న ట్యూబ్ యాంప్ ఖరీదు అవుతాయి, అది దాచను. హెడ్‌ఫోన్స్‌తో తృప్తి పడగలనంటే రియాక్టివ్ లోడ్ బాక్స్ చాలు, దాని గురించి కింది జవాబులో రాశాను. ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంప్ సిగ్నల్ సెండ్ జాక్‌తో బయటికి వెళ్లి పవర్ సెక్షన్‌కి తిరిగొచ్చే దారి) పెట్టుకునే చిన్న వాల్యూమ్ డబ్బాని కూడా అటెన్యుయేటర్ పేరుతో అమ్ముతున్నారు. అది మీ మాస్టర్ వాల్యూమ్ చేసే పనే చేస్తుంది, పవర్ ట్యూబుల సౌండ్ దానితో రాదు. దానికి డబ్బులు పెట్టకండి.

ప్రశ్న: అన్నా, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా ఇల్లు. షిఫ్ట్ అయ్యాక రాత్రి పన్నెండింటికి రికార్డ్ చేసుకుంటాను. స్పీకర్ వైర్ పీకేసి, ఎఫెక్ట్స్ సెండ్ నుంచి ఇంటర్‌ఫేస్‌లోకి ఇచ్చుకుంటే పోతుంది కదా, ఈ లోడ్ బాక్స్ ఖర్చు దేనికి? యాంప్‌కి ఏమైనా అవుతుందా?
– ఓ పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: అవుతుంది తమ్ముడూ. దయచేసి ఈ రాత్రి అలా చేయకు. ట్యూబ్ యాంప్‌లో పవర్ ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్పీకర్ ఉన్నప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లోని శక్తి స్పీకర్‌లోకి దిగిపోతుంది. స్పీకర్ పీకేసి వాయిస్తే దానికి పోయే దారి లేక ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబుల వైపు చుట్టలో) వోల్టేజ్ విపరీతంగా ఎగిరి వైండింగ్ ఇన్సులేషన్‌ని చీల్చేస్తుంది, లేదా ట్యూబ్ సాకెట్‌లో పిన్నుల మధ్య నిప్పురవ్వ లేచి మసి గీత మిగులుతుంది. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు, అందుకే చాలామంది ధైర్యం చేస్తారు. కానీ ఒక్కసారి ఇన్సులేషన్ పోతే ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సిందే, యాంప్‌లో ఖరీదైన భాగాల్లో అదొకటి. స్పీకర్ లేకుండా నడపొచ్చని నీ యాంప్ మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప, పవర్ ట్యూబులు పనిచేస్తున్నంతసేపూ స్పీకర్ జాక్‌లో ఏదో ఒక లోడ్ ఉండి తీరాలి. ఎఫెక్ట్స్ సెండ్ నుంచి తీసుకున్నా సరే.

ఏ లోడ్? అసలు ప్రశ్న ఇదే. 8 ఓమ్స్ స్పీకర్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 8 ఓమ్స్ ఉండదు. బేస్‌లో, సుమారు 80, 100 హెర్ట్జ్ ప్రాంతంలో కోన్ తనంతట తాను ఎక్కువగా కంపించే రెసొనెన్స్ దగ్గర దాని ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే అడ్డు, ఓమ్స్‌లో) చాలా రెట్లు పైకి లేస్తుంది, మళ్లీ 400 హెర్ట్జ్ ప్రాంతంలో 8కి దగ్గరగా దిగి, పైకి పోయేకొద్దీ వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగ చుట్ట) వల్ల మెల్లగా పెరుగుతూ పోతుంది. ట్యూబ్ యాంప్ ఈ ఎగుడుదిగుళ్లకి స్పందిస్తుంది, ఇంపీడెన్స్ ఎక్కువున్న చోట ఎక్కువ వోల్టేజ్ ఇస్తుంది. మనం ఇష్టపడే ఆ బేస్ దమ్ము, పైన ఆ మెరుపు కొంత ఇందులోంచే వస్తాయి. మామూలు రెసిస్టర్ లోడ్ ఎక్కడ చూసినా 8 ఓమ్సే, అందుకే యాంప్ కాస్త చదునుగా, ముద్దగా వినిపిస్తుంది. రియాక్టివ్ లోడ్‌లో కాయిళ్లు, కెపాసిటర్లు పెట్టి స్పీకర్ ఇంపీడెన్స్ రేఖని అనుకరిస్తారు. రికార్డింగ్‌కి నేను రియాక్టివ్‌నే తీసుకోమంటాను, ఈ ఒక్క విషయంలో చవక చూడొద్దు. టూ నోట్స్ క్యాప్టర్, సుర్ రియాక్టివ్ లోడ్ రెండూ ఈ రకమే. క్యాప్టర్ 4, 8, 16 ఓమ్స్‌కి విడివిడి మోడళ్లుగా వస్తుంది, ఒకదానిలోనే మూడూ ఉండవు, ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ అంకె రెండుసార్లు చూసుకో.

లోడ్ నుంచి వచ్చే సిగ్నల్‌ని నేరుగా వింటే కందిరీగల తుట్టెలా ఉంటుంది, భయపడకు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా కోసేస్తుంది, ఇక్కడ స్పీకర్ లేదు కాబట్టి ఆ గీకుడు అంతా వినిపిస్తుంది. కంప్యూటర్‌లో ఇంపల్స్ రెస్పాన్స్, అందరూ ఐఆర్ అంటారే, స్పీకర్ క్యాబినెట్ సౌండ్‌ని అనుకరించే ఆ ఫైల్ వేయాలి. యూనివర్సల్ ఆడియో ఆక్స్ లాంటి ఖరీదైన డబ్బాల్లో ఈ క్యాబినెట్ సిమ్యులేషన్ లోపలే ఉంటుంది. నీకు ఎలాగూ కంప్యూటర్ ఉంది కాబట్టి మామూలు రియాక్టివ్ లోడ్, మంచి ఐఆర్‌లు ఒకటో రెండో చాలు. వందల ఐఆర్‌లు దించుకుని రాత్రంతా మారుస్తూ కూర్చుంటే వాయించడం పోతుంది.

యాంప్ నుంచి లోడ్ బాక్స్‌కి వెళ్లే వైర్ తప్పకుండా స్పీకర్ కేబులే అయ్యుండాలి. గిటార్ కేబుల్‌కి కూడా అదే జాక్ ఉంటుంది, చూడ్డానికి అదే, కానీ లోపల సన్నటి తీగ ఒకటీ చుట్టూ షీల్డూ ఉంటాయి, పవర్‌కి వేడెక్కి తెగిందంటే మళ్లీ లోడ్ లేని యాంపే. స్పీకర్ కేబుల్‌లో లావుపాటి తీగలు రెండు సమానంగా ఉంటాయి, ప్లగ్ తొడుగు విప్పి చూస్తే తెలిసిపోతుంది.

అన్నీ సరిగ్గా పెట్టి గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గట్టిగా ఒక కార్డ్ కొట్టి యాంప్ దగ్గరికి చెవి తీసుకెళ్తే, స్పీకర్ లేకపోయినా నువ్వు వాయించింది సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రేకులూ ట్యూబుల లోపలి భాగాలూ సిగ్నల్‌తో పాటు కంపిస్తాయి. చాలామంది ఇది విని టెన్షన్ పడి యాంప్ ఆపేసి నాకు రాస్తారు. అది మామూలే.

ప్రశ్న: నేను మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను, గిటార్ సరదా. నా దగ్గర 20 వాట్ల ట్యూబ్ యాంప్ ఉంది. హీటర్ కాయిల్ గానీ, పాత ఫ్యాన్ రెగ్యులేటర్ గానీ పెట్టి అటెన్యుయేటర్ నేనే చేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, బొబ్బిలి

జవాబు: చేసుకోవచ్చండీ, మీలాంటి చేతిపని వచ్చినవాళ్లు చేసుకోవాలి కూడా. కానీ ఆ రెండూ వద్దు. 230 వోల్టుల మీద 1000 వాట్ల హీటర్ అంటే దాని రెసిస్టెన్స్ సుమారు 53 ఓమ్స్. 8 ఓమ్స్ కావాలంటే అది 6600 వాట్ల హీటర్ అవ్వాలి, అలాంటిది మీ షాపులో ఉండదు. ఫ్యాన్ రెగ్యులేటర్‌ని స్పీకర్‌కి సిరీస్‌లో పెడితే సౌండ్ తగ్గుతుంది, నిజమే, కానీ యాంప్‌కి కనిపించే ఓమ్స్ తిప్పిన కొద్దీ మారిపోతాయి. వాల్యూమ్ తగ్గినా యాంప్‌కి మాత్రం ఎప్పుడూ అదే 8 ఓమ్స్ కనిపించాలి, అటెన్యుయేటర్ డిజైన్ అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

దానికి సులువైనది రెండు రెసిస్టర్లతో చేసే ఎల్-ప్యాడ్. 8 ఓమ్స్ స్పీకర్‌కి 10 డెసిబెల్స్ తగ్గించాలంటే, యాంప్ నుంచి వచ్చే తీగలో సిరీస్‌గా 5.5 ఓమ్స్, ఆ తర్వాత స్పీకర్‌కి అడ్డంగా పారలల్‌లో 3.7 ఓమ్స్. యాంప్ ఇచ్చే పవర్‌లో 68 శాతం మొదటి రెసిస్టర్, 22 శాతం రెండోది తీసుకుంటాయి, స్పీకర్‌కి చేరేది 10 శాతం. మీ 20 వాట్లలో 2 వాట్లు. సరిగ్గా 5.5, 3.7 దొరకవు, 5.6, 3.9 వేసుకోండి, ఏమీ కాదు.

రెసిస్టర్లు బంగారు రంగు అల్యూమినియం తొడుగు ఉన్న వైర్‌వౌండ్ రకం, ఒక్కోటి 50 వాట్లవి తీసుకోండి. మొదటి రెసిస్టర్‌కి 14 వాట్లే కదా, 50 ఎందుకు అనొచ్చు. కారణాలు రెండు. యాంప్ మీద రాసిన 20 వాట్లు శుభ్రమైన సౌండ్‌కి కొలిచినవి, పూర్తిగా తెరిచి డిస్టార్షన్‌లో వాయిస్తే దాదాపు రెట్టింపు దాకా పోవచ్చు. ఇక ఆ రెసిస్టర్ మీద రాసిన 50 వాట్లు హీట్ సింక్‌కి బిగించినప్పుడే నిజం, గాలిలో వేలాడదీస్తే అందులో సగం కూడా మోయలేదు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొన ఎంత కాలుతుందో మీకు రోజూ తెలుసు, మీ డబ్బాలో పుట్టే వేడి అంత ఉంటుందని అనుకునే పని మొదలుపెట్టండి. పెద్ద హీట్ సింక్, మధ్యలో హీట్ సింక్ పేస్ట్, డబ్బాకి పైనా కిందా చిల్లులు. తీగలు ముందు మెలితిప్పి బిగించి ఆ తర్వాతే సోల్డర్ వేయండి, సోల్డర్ వేడికి మెత్తబడినా జాయింట్ ఊడకూడదు.

స్పీకర్ తగిలించి, యాంప్‌కి వెళ్లే ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. 8కి కొంచెం అటూఇటూ రావాలి. స్పీకర్ ఒక్కదాన్నే కొలిస్తే 6, 7 ఓమ్స్ చూపిస్తుంది, అది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి కంగారు వద్దు. మీటర్ సరిగ్గా చూపించేదాకా యాంప్‌కి పెట్టకండి. పూర్తి లోడే కావాలంటే 8 ఓమ్స్ 50 వాట్ల రెసిస్టర్లు నాలుగు తీసుకుని, రెండేసి సిరీస్‌లో కలిపి ఆ రెండు జతల్నీ పారలల్ చేస్తే మళ్లీ 8 ఓమ్సే, మోసే శక్తి నాలుగింతలు.

మీకు వైండింగ్ వచ్చు కాబట్టి తర్వాత రియాక్టివ్ లోడ్‌కి కూడా పోవచ్చు, దానికి మిల్లీ హెన్రీల్లో కాయిళ్లు చుట్టాలి. ఇనుప కోర్ లేకుండా గాలి కోర్‌తో చుడితే ఎక్కువ కరెంట్‌కి శాచురేట్ అయ్యే గొడవ ఉండదు. ఆ పని చేస్తే నాకు తప్పకుండా రాయండి, చూడాలని ఉంది. ఒక్క జాగ్రత్త: ఇదంతా యాంప్ బయట చేసే పని. యాంప్ చాసిస్ విప్పకండి. లోపల 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది.

ప్రశ్న: మా చర్చి బ్యాండ్‌లో లీడ్ గిటార్ వాయిస్తాను. 15 వాట్ల చిన్న ట్యూబ్ యాంపే. అయినా మిక్సర్ దగ్గర కూర్చునే బ్రదర్, నీ యాంప్ సౌండ్ ముందు వరసకి చెవులు చిల్లులు పడేలా ఉంది, వెనకవాళ్లకి పాట వినిపించడం లేదు అంటున్నారు. లోడ్ బాక్స్ పెట్టి నేరుగా మిక్సర్‌లోకి ఇచ్చేయమంటున్నారు. ఇచ్చేయాలా?
– ఓ పాఠకుడు, పలాస

జవాబు: ఆ బ్రదర్ చెప్పింది సబబే. 15 వాట్లకీ 40 వాట్లకీ తేడా సుమారు 4 డెసిబెల్సే, చిన్న యాంప్ అన్నది పేరుకే. గిటార్ స్పీకర్ సౌండ్ టార్చిలైట్ వెలుగులా ఎదురుగా సూటిగా పోతుంది. మీ మోకాళ్ల దగ్గర ఉన్న స్పీకర్ మీకు మొద్దుగా వినిపిస్తుంది, దానికి ఎదురుగా కూర్చున్నవాళ్లకి పొడిచినట్టు ఉంటుంది. వచ్చే ఆదివారం యాంప్‌ని కుర్చీ మీద పెట్టి వెనక్కి వంచి మీ ముఖం వైపు తిప్పండి, లేదా స్టేజీకి పక్కవాటుగా పెట్టి మైక్ ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా ఎక్కువైతే 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించే మామూలు అటెన్యుయేటర్ చాలు, అంత కొంచెం తగ్గించినప్పుడు రెసిస్టర్ రకమైనా టోన్‌లో తేడా పెద్దగా తెలియదు.

నేరుగా మిక్సర్‌లోకి వెళ్లాలంటే లోడ్ బాక్స్‌తో పాటు క్యాబినెట్ సిమ్యులేషన్ ఉండాలి, మీకు స్టేజీ మీద మంచి మానిటర్ కూడా ఉండాలి. మానిటర్ లేని చోట గిటారిస్ట్ తన సౌండ్ తనకి వినపడక గట్టిగా కొట్టడం మొదలుపెడతాడు, పాట చెడుతుంది. మానిటర్ సంగతి ముందు బ్రదర్‌తో మాట్లాడుకోండి.

ప్రశ్న: అటెన్యుయేటర్ వాడితే ట్యూబులు తొందరగా పోతాయని భయపెడుతున్నారు. నిజమా? ఇంకో సంగతి, నా హెడ్ (స్పీకర్ లేని విడి యాంప్) 16 ఓమ్స్‌లో ఉంది, దొరికిన డబ్బా 8 ఓమ్స్.
– ఓ పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: అటెన్యుయేటర్ దానంతట అది ట్యూబుల్ని ఏమీ చేయదమ్మా. అది ఉంది కదా అని గంటల తరబడి యాంప్‌ని పూర్తిగా తెరిచి వాయిస్తాం, ట్యూబులు అరిగేది అందుకు. ఫుల్ వాల్యూమ్‌లో కచేరీ చేస్తే ఎంత అరుగుతాయో అంతే. కాబట్టి పవర్ ట్యూబుల జత ఒకటి విడిగా ఉంచుకోండి. గది లైట్ ఆపి యాంప్ వెనక నుంచి చూడండి. ట్యూబ్ మధ్యలో నారింజ రంగు వెలుగు మామూలే, అది హీటర్. కానీ చుట్టూ ఉన్న బూడిద రంగు రేకు, అంటే ప్లేటు, ఎర్రగా కాలుతూ కనిపిస్తే వెంటనే ఆపేసి మెకానిక్‌కి చూపించండి. బయాస్ (ట్యూబులో పారే కరెంట్‌ని నిర్ణయించే సెట్టింగ్) తప్పడం వల్లో ట్యూబ్ పాడవడం వల్లో అలా అవుతుంది.

ఓమ్స్ సంగతి: హెడ్ వెనక 4, 8, 16 అని సెలెక్టర్ గానీ విడి జాక్‌లు గానీ ఉన్నాయేమో చూడండి. ఉంటే 8 మీద పెట్టి వాడుకోండి. సెలెక్టర్ మార్చేది యాంప్ ఆపి ఉన్నప్పుడే. 16 ఒక్కటే ఉంటే ఆ 8 ఓమ్స్ డబ్బా వెనక్కి ఇచ్చేసి 16ది తెప్పించుకోండి, ఎంత చవకగా వచ్చినా సరే. డబ్బా వాటేజ్ కూడా మీ హెడ్ వాటేజ్‌కి రెట్టింపు ఉంటే నిశ్చింత.

ప్రశ్న: నాది 60 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్. నేనూ అటెన్యుయేటర్ కొనాలా?
– ఓ పాఠకుడు, టెక్కలి

జవాబు: అక్కర్లేదు. మీ యాంప్‌లో పవర్ సెక్షన్‌ని ఒత్తిడి చేస్తే వచ్చేది మంచి సౌండ్ కాదు, దాని డిస్టార్షన్ అంతా ముందు భాగంలోనే తయారవుతుంది. వాల్యూమ్ తగ్గించుకుని హాయిగా వాయించుకోండి. హెడ్‌ఫోన్ జాక్ ఉంటే రాత్రిళ్లు అది వాడుకోండి, చాలా ట్రాన్సిస్టర్ యాంపుల్లో ఆ జాక్ పెట్టగానే స్పీకర్ దానంతటదే ఆగిపోతుంది.